ఏర్ అంటే నీళ్లు

ఆసిఫాబాద్ దాటి అడవి దిక్కు పోతే, కంకర రోడ్డు ఆగిపోయే చోట ఒక ఊరుండేది. ఎనభైల మొదట్లో నేను అక్కడి బడిలో టీచరుగా చేరాను. మా ఆయనకు మందమర్రిలో బొగ్గుగని ఆఫీసులో పని. శనివారం బడి వదలగానే బస్సెక్కి మందమర్రి పోయి, సోమవారం పొద్దున మొదటి బస్సుకు తిరిగొచ్చేదాన్ని. మిగిలిన రోజులు ఊళ్లోనే ఒక అర్ర కిరాయికి తీసుకుని ఉండేదాన్ని.

బడికి ఊరి రైతుల పిల్లలు, కిరాణా కొట్ల వాళ్ల పిల్లలు వచ్చేవాళ్లు. వాళ్ల ఇంటి మాట తెలుగు. కొందరిది మరాఠీ కలిసిన తెలుగు. ఊరి పక్కన ఏరు, ఏటి అవతల గోండుల గూడెం. గూడెం పిల్లల ఇంటి మాట గోండి. బడిలో ఆ మాట వినపడకూడదని ఒక కట్టడి ఉండేది. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, నేను చేరేసరికే ఉంది. గోండి మాట్లాడుకుంటూ పోతే ఈ పిల్లలకు తెలుగు ఎప్పటికీ రాదని మా టీచర్ల నమ్మకం. దాంతో ఆ పిల్లలు పొద్దంతా నోరు మూసుకుని కూర్చునేవాళ్లు. మేము దాన్ని బుద్ధిమంతనం అనుకునేవాళ్లం.

పెద్దసారు గది ముందు నీళ్ల కుండ ఉండేది. గూడెం పిల్లలు కుండ ముట్టొద్దని ఎవరూ రాసిపెట్టలేదు. అయినా వాళ్లు ముట్టేవాళ్లు కాదు. అటెండరు ముంచి పోస్తే దోసిలి పట్టి తాగేవాళ్లు. అటెండరు లేని పూట తాగకుండానే ఇంటికి పోయేవాళ్లు.

ఒంటిపూట బడులు మొదలైన రోజుల్లో ఒకనాడు లెక్కల సారు తరగతిలో గూడెం పిల్ల ఒకతి లేచి నిలబడింది. మూడో తరగతి. సన్నగా, రెండు జడలు వేసుకుని ఉండేది. లెక్కల సారు కరీంనగర్ దిక్కు భూములున్న ఇంటి మనిషి. పంటలూ పొలాలూ అన్నలకు వదిలేసి, చదువు చెప్పడం ఇష్టమై ఆ అడవికి వచ్చినవాడు. సెలవు పెట్టేవాడు కాదు, పిల్లలను కొట్టేవాడు కూడా కాదు. కానీ క్లాసులో చీమ చిటుక్కుమన్నా ఒప్పుకునేవాడు కాదు.

ఆ పిల్ల "ఏర్" అంది.

"ఏంది? ఏటికి పోతవా?" అన్నాడు సారు. ఊరి పిల్లలు నవ్వారు. ఎండాకాలం వస్తే పిల్లలు బడి ఎగ్గొట్టి ఏటి మడుగులో ఈతకు పోవడం అక్కడ మామూలే. "గీ ఎండల ఏటికి ఏం పనే? కూసో."

కూర్చుంది. కాసేపటికి మళ్లీ లేచి అదే మాట అంది. సారుకు కోపం వచ్చింది. "లెక్క చేసేదాక కదలద్దు" అని వరండాలో నిలబెట్టాడు. వరండాలో సగం వరకు ఎండ ఉంది. పిల్లకు అప్పటికే జ్వరమని మాకెవరికీ తెలియదు.

నేను పక్క గదిలో ఉన్నాను. ఏదో పడిన చప్పుడు, వెంటనే ఒక పిల్ల కేక వినపడ్డాయి. పరుగెత్తి పోయేసరికి ఆ పిల్ల వరండా మెట్టు మీద పడి ఉంది. కళ్లు పైకి తేలిపోయాయి. ఒళ్లు పెనంలా కాలుతోంది. కేక పెట్టింది ఆమె చిన్నాయన బిడ్డ, అదే తరగతిలో చదివేది. నా కొంగు పట్టుకుని ఏడుస్తూ చెప్పింది.

"నీళ్లు టీచర్. అది నీళ్లడిగింది. ఏర్ అంటే మాకు నీళ్లు."

లెక్కల సారు ఆ మాట విన్నాడు. అతని ముఖం ఎట్లా అయిందో నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. పిల్లను చేతుల్లోకి ఎత్తుకుని రోడ్డు మీదికి ఉరికాడు. వెదురు బొంగుల లారీ ఒకటి పోతుంటే అడ్డం నిలబడి ఆపించాడు. ఆసిఫాబాద్ సర్కారు దవాఖాన దాకా ఒడిలోనే పెట్టుకుని కూర్చున్నాడు. దారి పొడుగునా తడిగుడ్డ పెదవులకు అద్దుతూ నేను పక్కన కూర్చున్నాను.

పిల్ల బతికింది. ఎండదెబ్బ, దాని మీద జ్వరం అన్నాడు డాక్టరు. తల్లీ తండ్రీ కాలినడకన వచ్చేసరికి సాయంత్రమైంది. తల్లి మా ఇద్దరి వంక చూడకుండా నేరుగా మంచం దగ్గరికి పోయి, పిల్ల పాదాలు పట్టుకుని కూర్చుంది.

మరునాటి నుంచి గూడెం పిల్లలు ఒక్కరు కూడా బడికి రాలేదు. తరగతి గదుల్లో వెనక వరసలన్నీ ఖాళీ. వాళ్లను వెనక వరసల్లోనే కూర్చోబెట్టేవాళ్లమన్న సంగతి అప్పుడు కళ్లకు కనపడింది.

మా పెద్దసారు ఉర్దూ మీడియంలో చదువుకున్న పాతకాలపు మనిషి. రిటైర్మెంటుకు దగ్గర పడ్డాడు. వారం చూసి, నన్నూ లెక్కల సారునూ వెంటబెట్టుకుని గూడేనికి బయలుదేరాడు. ఏట్లో మోకాలి లోతు నీళ్లున్నాయి. చెప్పులు చేతపట్టుకుని దాటాము.

గూడెంలో ఎవరింటికి పోయినా ముందు చెంబుతో నీళ్లిచ్చి రామ్ రామ్ అంటారు. ఆ మర్యాద నేను అంతకుముందు ఓటర్ల లెక్కకు పోయినప్పుడు చూశాను. ఆ రోజు మాకు ఎవరూ నీళ్లివ్వలేదు. మంచం మాత్రం వాల్చారు. పిల్ల తల్లి గడప దగ్గర గుంజ పట్టుకుని, మాకు వీపు చేసి నిలబడింది. పిల్ల లోపల ఉందో లేదో తెలియలేదు. గూడెం పెద్దను అక్కడ పట్లా అంటారు. ఆయన, పిల్ల తండ్రి మా ఎదుట కూర్చున్నారు.

లెక్కల సారు లేచి నిలబడి చేతులు జోడించాడు. "తప్పైంది. నాకు తెల్వక జరిగింది" అన్నాడు.

తండ్రి తలెత్తి చూశాడు. ఆయనకు తెలుగు వచ్చు. సంతలో బేరాలాడిన తెలుగు.

"తెల్వదని మాకు ఎర్కనే సారు. తెల్సి నీళ్లియ్యకుంట ఎవ్వడుంటడు?" అన్నాడు. "గట్లనే ఎన్నొద్దులు తెల్వకుంట ఉంటరు?" అని అడిగాడు.

పట్లా కల్పించుకున్నాడు. "మా పోరలు గింతంత ఉన్నరు. గయినా మీ మాట నేర్సుకుంటున్నరు గద. మీరు పెద్దోళ్లు, సదువుకున్నోళ్లు. మా మాట జర నేర్సుకోండ్రి. నేర్సుకున్నంక పోరలను తోలుతం."

"అందరం నేర్చుకుంటం" అన్నాడు పెద్దసారు వెంటనే. "ఒక్కరు కాదు, బడిల ఉన్న ప్రతి సారు నేర్చుకుంటడు. నాది మాట."

తిరిగి వచ్చేటప్పుడు ఏటి ఒడ్డున లెక్కల సారు ఆగిపోయాడు. నడవలేక ఆగాడనుకున్నాను. తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. పెద్దసారు కొంచెం దూరంలో బీడీ ముట్టించుకుని, ఆయన కదిలేదాకా ఆగాడు.

మాట ఇచ్చి రావడం తేలికే, బడిలో ఒప్పించడమే కష్టమైంది. మరునాడు పెద్దసారు మమ్మల్నందరినీ పిలిచి, శనివారం బడి వదిలాక అందరూ కూర్చోవాలనీ, గూడెం పిల్లల మాట, వాళ్ల పద్ధతులు నేర్చుకోవాలనీ, రానంటే కుదరదనీ చెప్పాడు.

అందరికంటే ముందు తెలుగు సారు లేచాడు. మా అందరికంటే పెద్ద చదువు, ఛందస్సు నీళ్లలా వచ్చిన మనిషి. "ఇది సర్వీసు రూల్సుల ఉన్నదా?" అని అడిగాడు.

"లేదు."

"మేము ట్రెయినింగ్ కాలేజీల చదివి పాసై వచ్చినం. ఒక్కాయన పొరపాటు చేస్తే అందరం ముద్దాయిలమా? అయినా బలవంతంగ కూసోబెడితే మనిషి మనసు మారుతదా?"

ఆ ప్రశ్న తీసిపారేసేది కాదు. నా మట్టుకు నాకూ అందులో ఒక బాధ ఉంది. శనివారం సాయంత్రం కూర్చుంటే మందమర్రి బస్సు తప్పుతుంది. వారానికి ఒక్కసారి ఇల్లు చూసుకోవడానికి అదొక్కటే దారి.

పెద్దసారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "మనసు సంగతి నాకు తెల్వదు. గది ఖుదాకు ఎర్క. చెవులు మారితే చాలు. పిల్ల నీళ్లడిగితే నీళ్లని ఇనపడాలె. గంతే" అన్నాడు.

తెలుగు సారు నా దిక్కు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా, నీకు బస్సు తప్పుతది గద?"

నాకు నా చిన్నతనం గుర్తొచ్చింది. మాది కరీంనగర్ జిల్లాలో మగ్గాల ఊరు. మా బాపు నేత నేసేవాడు. అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలకు బడులు మూతపడి మళ్లీ తెరుచుకున్నాక, సముద్రం దిక్కు నుంచి వచ్చిన ఒక టీచరు మాకు పాఠం చెప్పేది. నేను లేచి "బాపు వచ్చిండు" అంటే, "వచ్చిండు కాదు, వచ్చారు అనాలి. ఇంకోసారి చెప్పు" అనేది. సరిగ్గా అనేదాకా కూర్చోనిచ్చేది కాదు. మంచి టీచరే. నాకు పుస్తకాలు చదవడం నేర్పింది ఆమే. కానీ ఆ ఏడాది నేను బడిలో సొంతంగా ఒక్క ప్రశ్న అడిగిన జ్ఞాపకం లేదు. అదంతా అక్కడ చెప్పాను. చెప్పి, "మాదీ తెలుగే సారూ. అయినా నోరు పడిపోయింది. వాళ్లది అసలు వేరే మాట. బస్సు సంగతి నేను చూసుకుంట" అన్నాను.

ఆ తర్వాత ఆదివారం పొద్దున బస్సుకు ఇంటికి పోవడం అలవాటు చేసుకున్నాను. మా ఆయన మొదట విసుక్కున్నాడు, తర్వాత ఒకటి రెండు సార్లు ఆయనే వచ్చాడు.

మాకు నేర్పడానికి పక్క తాలూకాలోని ఆశ్రమ బడి నుంచి ఒక గోండు టీచరు సైకిల్ మీద వచ్చేవాడు. మీసాలు కూడా సరిగా రాని వయసు. మొదటి శనివారం తెలుగు సారు పేపరు తెచ్చుకుని ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ అబ్బాయి పట్టించుకోలేదు. నమస్కారం పెట్టి, సుద్దముక్క తీసుకుని, పాఠం మొదలుపెట్టాడు. మొత్తం గోండిలోనే. బోర్డు మీద బొమ్మ వేసి ఏదో అడిగేవాడు. మేము బిక్కముఖం వేసేవాళ్లం. ఇంకోసారి అడిగేవాడు. జవాబు రాకపోతే నవ్వి, పక్కవాళ్లను అడిగేవాడు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. అయినా నాకు వీపు మీద చెమట పట్టింది. ఎప్పుడు వదులుతాడా అని కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను.

గంట గడిచాక ఆపి తెలుగులోకి వచ్చాడు. "మా పిల్లలకు రోజూ గిట్లనే ఉంటది సారు" అన్నాడు.

ఆ శనివారాల్లో మాకు తెలిసినవి పెద్ద విషయాలేమీ కావు. మందలిస్తుంటే గూడెం పిల్ల తల దించుకుంటే అది పొగరు కాదని తెలిసింది. పుష్యమాసంలో కొన్నాళ్లు పిల్లలంతా ఒక్కసారే బడి మానేసేది వాళ్ల దేవర పండుగకనీ, సోమరితనం కాదనీ తెలిసింది. కుండ దగ్గర గ్లాసు పెట్టి, ఎవరికి దాహమైతే వాళ్లే ముంచుకోవాలని పెద్దసారు చెప్పాడు. దాని మీద ఊళ్లో కొన్నాళ్లు గొణుగుడు నడిచింది. ఇద్దరు రైతులు పిల్లలను బడి మాన్పించి, పెద్దసారు లొంగకపోవడంతో మళ్లీ పంపారు.

తెలుగు సారు సంగతి పేర్ల దగ్గర తెగింది. గూడెం పిల్లలను బడిలో చేర్చుకునేటప్పుడు ఇంట్లో పెట్టిన పేర్లు తీసేసి, మంచి పేర్లని దేవుళ్ల పేర్లు రాసేవాడు ఆయన. ప్రేమతోనే చేసేవాడు. ఒక్కో పేరు ఎంచడానికి పంచాంగం కూడా చూసేవాడు. ఒక శనివారం ఆ కుర్ర టీచరు మెల్లగా అన్నాడు.

"సారు, ఇంట్ల పెట్టే పేరు పిల్లగాని తాతది. తాతను యాది చేసుకుంట పెడ్తరు. మీరు తీసేస్తే ఆ ముసలోడు ఇంట్ల నుంచి పోయినట్టే అనుకుంటరు."

తెలుగు సారు లేచి నిలబడ్డాడు. "నిన్నగాక మొన్న వచ్చిన పిల్లగాడు, నేను పిల్లలకు అన్యాయం చేసిన్నంటడా?" అని, చెప్పులేసుకుని పోయాడు. మళ్లీ శనివారాలకు రాలేదు. పై ఆఫీసుకు ఫిర్యాదు పోయింది. పని వేళలు దాటాక సిబ్బందిని ఉంచే అధికారం ఎవరిచ్చారని పెద్దసారును అడిగారు. పెద్దసారు పోయి ఏం చెప్పుకున్నాడో మాకు చెప్పలేదు. "ఫికర్ చెయ్యకుండ్రి" అని మాత్రం అన్నాడు. శనివారాలు ఆపలేదు.

వానలు మొదలయ్యాక గూడెం పిల్లలు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. ఈసారి వాళ్లను అన్ని వరసల్లో కలిపి కూర్చోబెట్టాము. ఆ పిల్ల అందరికంటే ఆఖరున వచ్చింది. తండ్రి గొడుగు పట్టి బడి దాకా దిగబెట్టాడు. లెక్కల సారు గుమ్మంలోకి ఎదురు వచ్చి గోండిలో పలకరించాడు. తండ్రి రామ్ రామ్ అన్నాడు. పిల్ల తండ్రి చేయి వదలలేదు.

మా అందరిలో గోండి బాగా పట్టుబడింది లెక్కల సారుకే. ఏడాది తిరిగేసరికి ఎక్కాలు రెండు భాషల్లో చెప్పించేవాడు. సంతలో గూడెం ముసలివాళ్లు ఆయనను ఆపి ముచ్చట పెట్టేవాళ్లు. సొంత జిల్లాకు బదిలీ వస్తే వద్దని రాసిచ్చాడు. అయినా ఆ పిల్ల ఆయన దగ్గర నోరు విప్పలేదు. నా తరగతిలో పాటలు పాడేది, పిల్లలతో పోట్లాడేది. ఆయన తరగతిలో పలక మీద రాసి చూపేది, అంతే. లెక్కలన్నీ సరిగ్గా చేసేది. ఏడో తరగతి దాకా అట్లాగే గడిచింది.

ఒకసారి నేనే ఉండబట్టలేక ఆయనతో అన్నాను. "దాన్ని పిలిచి మాట్లాడనా సారు?"

"వద్దమ్మా" అన్నాడు. "దాని ఇష్టం. నేను నేర్చుకున్నది తర్వాతి పిల్లలకు పనికొస్తది. దీనికి మాత్రం జర ఆలస్యమైంది."

పెద్దసారు రిటైరై పోయాక కొత్తగా వచ్చినాయన, ఆర్డర్ ఏదని అడిగాడు. లేదన్నాము. శనివారాలు ఆగిపోయాయి. ఇష్టమున్నవాళ్లు నేర్చుకోవచ్చన్నాడు. లెక్కల సారు, నేను కొన్నాళ్లు కూర్చున్నాం. కొత్తగా చేరిన వాళ్లలో ఒక్కరూ రాలేదు. నేను బదిలీ మీద వచ్చేసేనాటికి, వెనక వరసల్లో మళ్లీ గూడెం పిల్లలే కనిపించారు. తెలుగు సారు మాత్రం, మా శనివారాల మీద చివరిదాకా మండిపడుతూనే, తండ్రులు చెప్పిన పేర్లే రాయడం నేను చూశాను.

తొంభైలలో నేను కరీంనగర్ జిల్లాలో, మరమగ్గాలు నడిచే ఒక చిన్న పట్నంలో హెడ్‌మిస్ట్రెస్‌నయ్యాను. ఆ రోజుల్లో మా టీచర్లను బస్సుల్లో ఎక్కించి ట్రెయినింగులకు పంపేవాళ్లు. పిల్లలందరినీ సమానంగా చూడాలని ఒకాయన మైకులో కాగితం చూసి చదివేవాడు. వెనక కూర్చున్నవాళ్లు కునికేవాళ్లు. టీలు తాగి, సంతకాలు పెట్టి తిరిగొచ్చేవాళ్లు. మా బడిలో కొత్తగా చేరిన ఒక పిల్ల టీచరు, అట్లాంటి ట్రెయినింగు నుంచి వచ్చి నన్ను సూటిగా అడిగింది. "మేడం, గివన్నీ కంపల్సరీ చేస్తే ఏమొస్తది? మంచోళ్లకు అక్కర లేదు. చెడ్డోళ్లు మారరు."

నేను ఆమెకు లెక్కల సారు సంగతి చెప్పాను. అంత మంచివాడికే అక్కర పడిందని చెప్పాను. చెడ్డవాళ్ల కోసం కాదమ్మా, తెలియనివాళ్ల కోసం అన్నాను. తమకు తెలియదని వాళ్లకే తెలియదు, అందుకే ఇష్టానికి వదిలేస్తే రారు. మైకుల ముచ్చట మాత్రం ఆమె చెప్పిందే నిజమని ఒప్పుకున్నాను.

ఆమెకూ ఒక పేచీ ఉండేది. మరమగ్గాల వాళ్ల పిల్లలు మాట్లాడరు, అరుస్తారు అనేది. పిలిస్తే పలకరు, పలికితే మీద పడ్డట్టు ఉంటుంది, ఇంట్లో పద్ధతి నేర్పలేదు అనేది. మిగతా సార్లూ అదే మాట అనేవాళ్లు. ఒక రోజు బడి కాగానే అందరూ నాతో రావాలన్నాను. ఎక్కడికని అడిగారు. పక్క గల్లీలోకే అన్నాను.

మా ఐదో తరగతి పిల్ల ఒకతి ఉండే ఇంటికి తీసుకుపోయాను. ముందు అర్ర ఇల్లు, వెనక అర్ర నిండా మరమగ్గాలు. మధ్యలో తలుపు కూడా లేదు. ఆ చప్పుడు చెవుల్లో కాదు, ఛాతీలో మోగుతుంది. ఆ పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని, మగ్గాల నడుమ నిలబడి తండ్రికి ఏదో చెప్తోంది. గొంతు చించుకుని అరుస్తోంది. తండ్రి అట్లాగే అరిచి బదులిస్తున్నాడు. ఆ అరుపుల్లో కోపం లేదు. మధ్యలో ఇద్దరూ నవ్వుకున్నారు.

మా టీచర్లను కాసేపు అక్కడే నిలబెట్టాను. ఆ కొత్త టీచరు నా వైపు వంగి ఏదో అంది. వినపడలేదు. రెండోసారి అంది. అప్పుడూ వినపడలేదు. చివరికి గట్టిగా అరిచింది. "పిల్లలు గీడనే పండుకుంటరా మేడం?"

"ఆ!" అని నేనూ అరిచాను.

బయటికి వచ్చాక కూడా కొంత దూరం మేమంతా పెద్ద గొంతులతోనే మాట్లాడుకుంటూ నడిచాము. ఎదురొచ్చేవాళ్లు మావైపు వింతగా చూశారు. ఆ సంగతి మొదట ఆ కొత్త టీచరే గమనించి, గొంతు తగ్గించింది.

ఆ రోజు రాని టీచరు ఒకాయన ఉన్నాడు. తలనొప్పని సెలవు చీటీ పంపాడు. తర్వాతి వారం బడి గేటు దగ్గర నిలబడి, ఆయన్ను ఒక్కణ్ణే వెంటబెట్టుకుని ఆ మగ్గాల ఇంటికి పోయాను.